పల్లం చేను దాకా వచ్చిన విత్తనం

(ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

సైన్సు పరిశోధన, ఆర్థికాభివృద్ధి, సమాజం. ఈ మూడింటి మధ్య సంబంధం గురించి మాట్లాడమన్నారు ప్రిన్సిపాల్ గారు. పెద్ద విషయం. నేను ముప్పై ఏళ్ళకి పైగా ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, సైంటిస్టుని కాను. కాబట్టి అంతరిక్షం గురించీ, కంప్యూటర్ల గురించీ నా దగ్గర కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు బాగా తెలిసిన వస్తువు ఒకటుంది. దాన్ని పట్టుకుని మాట్లాడతాను.

పొద్దున్నో మధ్యాహ్నమో అన్నం తినొచ్చినవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ. సరే, ఏ బియ్యం తిన్నారు? ఎవరైనా చెప్పగలరా? ఆ, అమ్మాయి 'సన్నబియ్యం' అంటోంది. ఏ సన్నబియ్యం అమ్మా? 'సోనా మసూరి'. బాగుంది. ఆ మసూరి అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ముస్సోరీ కొండలనుంచా? మైసూరు నుంచా? రెండూ కాదు.

ఒడిశాలో కటక్ దగ్గర కేంద్ర వరి పరిశోధనా సంస్థ ఉంది. 1950ల్లో అక్కడ జపాన్ తరహా పొట్టి గింజల వరినీ, మన ఆసియా వేడి దేశాల వరినీ కలిపి కొత్త రకాలు తియ్యాలని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ తరఫున పెద్ద పని జరిగింది. ఆ సంకరాల్లో ఒకదాని గింజలు మలేషియా వెళ్ళాయి. అక్కడ వాటిని ఎంచి ఎంచి 1965లో ఒక రకంగా విడుదల చేశారు. దానికి లంకావి దీవి కథల్లో వినిపించే ఒక స్త్రీ పేరు పెట్టారు. మహ్సూరి. ఆ మహ్సూరి మళ్ళీ మన దేశం వచ్చింది. మన నోట్లో పడి మసూరి అయింది. మీరు పొద్దున్న తిన్న ముద్దలో కటక్ ఉంది, మలేషియా ఉంది, బాపట్ల ఉంది. బాపట్ల ఎందుకన్నానో కాసేపట్లో చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లెటూరు. నాన్నకి నాలుగెకరాలు. అందులో రెండున్నర మెరక చెక్క, ఎకరంన్నర పల్లం చెక్క. మెరక చెక్క మేమే చేసుకునేవాళ్ళం. పల్లం చెక్క మాత్రం ఊరి చివర పేటలో ఉండే ఒకాయనకి కౌలుకిచ్చేవాళ్ళం. నేనాయన్ని పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన చేసే చెక్కకి మురుగు కాలువ ఎగదన్నితే చాలు, నీళ్ళు నిలబడేవి. నాట్లు వేసిన నెలకి పెద్ద వాన పడిందా, వారం పది రోజులు పచ్చటి చేనున్న చోట ఎర్రనీళ్ళు. నీళ్ళు తీసేశాక చూస్తే కుళ్ళిన ఆకుల వాసన. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక దుబ్బు పీకి, వేళ్ళు చూసి, అక్కడే పడేసి లేచేవాడు. ఆ బొమ్మ నా కళ్ళముందు నుంచి పోదు. మెరక మనకీ, పల్లం ఆయనకీ ఎందుకు వచ్చిందని ఆ వయసులో నేను అడగలేదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను అక్కడికి.

ఇప్పుడు 1960ల్లోకి వెళ్దాం. 1950-51లో ఈ దేశంలో హెక్టారుకి సగటున పండింది 668 కిలోల బియ్యం. హెక్టారంటే రెండున్నర ఎకరాలు. ఎకరాకి లెక్కేసుకుంటే మూడొందల కిలోలు కూడా లేదు. దేశం మొత్తం పంట రెండు కోట్ల టన్నులు చిల్లర. జనం 36 కోట్లు. 1965, 66 రెండేళ్ళూ కరువు. 1966లో సుమారు కోటి టన్నుల తిండిగింజలు బయటి దేశాలనుంచి తెచ్చుకున్నాం, ఎక్కువ భాగం అమెరికా గోధుమ. ఓడ రావడం ఆలస్యమైతే రేషను షాపు దగ్గర జనం క్యూలో నిలబడాల్సిందే. మీ తాతయ్యల్ని అడగండి, చెప్తారు.

ఎందుకు పండలేదు? మన రైతుకి పని రాకా? కాదు. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, మొలగొలుకులు, ఎన్ని రకాలుండేవి! రుచికి రుచి, గడ్డికి గడ్డి. కానీ అవన్నీ నిలువెత్తు పెరిగే రకాలు. ఎరువు ఎక్కువేస్తే మొక్క ఇంకా పొడుగు పెరుగుతుంది. కంకి బరువెక్కగానే నడ్డి విరిగి పడిపోతుంది. పడిపోయిన చేను నీళ్ళలో నాని మొలకెత్తుతుంది. అంటే ఎరువు ఎంత వేసినా గింజగా మారదు. అక్కడ ఆగిపోయింది వ్యవసాయం.

ఆ ముడి విప్పింది ఒక పొట్టి మొక్క. తైవాన్‌లో ఒక పొట్టి వరి ఉంది, కాండం గట్టిది. ఆ పొట్టితనం ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 1960లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో దాన్ని ఇండోనేషియా పొడుగు రకంతో కలిపారు. 1966లో ఐఆర్ 8 వచ్చింది. ఎరువేస్తే పొడుగు పెరగదు, పిలకలు పెడుతుంది, గింజ కడుతుంది. మరుసటేడే మన పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే కుర్ర రైతు ఆ విత్తనం వేశారు. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఆయన దగ్గరనుంచి విత్తనం పక్క ఊళ్ళకీ పాకింది. 'మిస్టర్ ఐఆర్ 8' అని పేరు పడిపోయింది ఆయనకి.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. పరిశోధన జరిగింది, దిగుబడి పెరిగింది, దేశం బాగుపడింది. పుస్తకాల్లో బాణం గుర్తులు వేసి చూపిస్తారు కదా? పరిశోధన నుంచి ఒక బాణం, అభివృద్ధికి ఒక బాణం. నేనూ క్లాసులో బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. ఇవాళ మీతో మాట్లాడదామనుకున్నది ఆ బాణం గురించే. అది తిన్నగా పోదు. మధ్యలో మనుషులుంటారు. వాళ్ళ నాలుక ఉంటుంది, వాళ్ళ పశువులుంటాయి, వాళ్ళ కులం ఉంటుంది, వాళ్ళ పొలం మెరకా పల్లమా అన్నది ఉంటుంది.

ఐఆర్ 8 సంగతే చూడండి. బస్తాలు పెరిగాయి. అన్నం వండితే? వేడిగా ఉన్నంతసేపు సరే, చల్లారితే గట్టిపడేది. గింజ తెల్లగా సుద్దలా ఉండేది. మిల్లుకి పట్టుకెళ్తే ధర తక్కువ. మా నాయనమ్మ ఇంకో మాట అనేది: "గింజలొచ్చాయి సరే, గడ్డి ఏదిరా?" పొడుగు రకాల్లో గడ్డి మోపులు మోపులు వచ్చేది, పశువులకి ఏడాది పొడుగునా సరిపోయేది. పొట్టి రకంలో గడ్డి తగ్గింది. కొలిచే సైంటిస్టుకి బస్తాలే లెక్క. గొడ్లకి మేత వేసే ఆవిడకి గడ్డి కూడా లెక్కే. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. కానీ ఆవిడ లెక్క ఎవరి పుస్తకంలోనూ ఎక్కలేదు.

తర్వాత దోమపోటు వచ్చింది. సుడిదోమ అంటామే, అదే. ఒత్తుగా నాటిన చేలు, ఎక్కువ నత్రజని, దాని మీద విచ్చలవిడిగా మందులు. మందు కొడితే దోమతో పాటు దోమను తినే సాలీళ్ళూ చచ్చాయి. సాలీళ్ళు మళ్ళీ పుట్టేసరికి నెలలు, దోమ మళ్ళీ పుట్టేసరికి రోజులు. మందు కొట్టిన చేలోనే దోమ ఎక్కువైంది. చేలు సుడులు సుడులుగా ఎండిపోయాయి. ఇండోనేషియాలో ఇది ఎంతదాకా వెళ్ళిందంటే, 1986లో అక్కడి ప్రభుత్వం వరికి వాడే 57 రకాల పురుగుమందుల్ని ఒక్కసారిగా నిషేధించింది.

అంటే జనం వద్దన్నారు, పురుగు వద్దంది. పరిశోధన మళ్ళీ పొలానికి రావాల్సి వచ్చింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎందుకంటే ఈ పనంతా మన దగ్గర, మన ఊళ్ళ మధ్య జరిగింది.

మార్టేరు ఎంతమందికి తెలుసు? పెనుగొండ పక్కన. అక్కడ వరి పరిశోధనా కేంద్రం 1925లో పెట్టారు. నూరేళ్ళు నిండాయి. బస్సులో పోతూ చూస్తే మామూలు చేలే, మళ్ళ మధ్య చిన్న చిన్న రేకు బోర్డులు గుచ్చి ఉంటాయి, అంతే తేడా. 1982లో అక్కడినుంచి ఒక రకం వచ్చింది. అమ్మ వైపు వశిష్ఠ, నాన్న వైపు ఆ మలేషియా మహ్సూరి. నంబరు ఎంటీయూ 7029. పేరు స్వర్ణ. మనవాళ్ళు 'ఏడువేల ఇరవైతొమ్మిది' అని నంబరుతోనే పిలుస్తారు. తక్కువ ఎరువుతో పండుతుంది, చేను పడిపోదు. గోదావరి దాటి ఒడిశా వెళ్ళింది, బెంగాల్ వెళ్ళింది, బీహార్, ఛత్తీస్‌గఢ్ వెళ్ళింది, బంగ్లాదేశ్ వెళ్ళింది. లక్షల హెక్టార్లు. దోమని తట్టుకునే చైతన్య, కృష్ణవేణి, వజ్రం లాంటివీ మార్టేరువే.

బాపట్లలో ఇంకో దారి పట్టారు. కోయంబత్తూరులో 1921లో ఎంచిన జీఈబీ 24 అనే పాత సన్నరకం ఉంది, అన్నానికి పేరున్నది. దానికి తైవాన్ పొట్టితనం కలిపి, మళ్ళీ మహ్సూరితో కలిపారు. 1986లో బీపీటీ 5204 విడుదలైంది. సాంబా మసూరి. ఇక చెప్పేదేముంది? ఇవాళ హోటల్లో, పెళ్ళి భోజనంలో, అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో సన్నబియ్యం అంటే అదీ, దాని పిల్లలూ. దిగుబడీ రుచీ రెండూ ఒకే గింజలో. ఐఆర్ 8ని కాదన్న నాలుక ఇరవై ఏళ్ళ తర్వాత తనకి కావల్సింది తెచ్చుకుంది.

ఒక రకం తియ్యడమంటే ఏంటో చెప్తాను, వినండి. బయాలజీ పిల్లలకి తెలిసే ఉంటుంది, మిగతావాళ్ళ కోసం. వరి కంకిలో ప్రతి గింజా ముందు ఒక పువ్వు. రెండు పొట్టు రేకులు, లోపల ఆరు కేసరాలు, మధ్యలో ఈకల్లాంటి రెండు కొసలు. వరి తన పుప్పొడి తనమీదే రాల్చుకుంటుంది. కాబట్టి సంకరం చెయ్యాలంటే సాయంత్రం పూట వంగి కూర్చుని, రేపు విచ్చుకునే పూలేవో ఎంచుకుని, చిన్న కత్తెరతో ఒక్కో పువ్వు పైభాగం కత్తిరించి, సన్నటి పట్టుకారుతో ఆరు కేసరాలూ ఒక్కొక్కటే బయటికి లాగాలి. ఒకటి మిగిలినా పని చెడినట్టే. తర్వాత బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పది, పదకొండు గంటలప్పుడు ఎండ ఎక్కగానే మగ మొక్క కంకి విచ్చుకుంటుంది. దాన్ని తెచ్చి సంచి తెరిచి దులుపుతారు. ఆ కాసేపట్లో గాలి ఎక్కువైతే కష్టం, మబ్బు పడితే కష్టం. ఇంత చేస్తే వచ్చేది గుప్పెడు గింజలు కూడా ఉండవు.

ఆ గింజలు వేస్తే మొదటి తరం అన్నీ ఒకేలా ఉంటాయి. రెండో తరంలో చెదిరిపోతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ఎర్ర గింజ, ఒకటి సగం తాలు. వేల మొక్కల్లోంచి కొన్నే ఉంచుకుంటారు. మళ్ళీ వేస్తారు, మళ్ళీ ఏరతారు. అలా ఐదారు తరాలు. తర్వాత వేరే జిల్లాల్లో వేసి చూడటం, తెగుళ్ళకి పెట్టి చూడటం, అన్నం వండి చూడటం, చివరికి రైతులకి చిన్న సంచుల్లో ఇచ్చి వాళ్ళ చేలో వేయించి చూడటం. పది పన్నెండేళ్ళు మామూలు. మొదలుపెట్టిన సైంటిస్టు రిటైరై, ఇంకొకరు పూర్తి చేసిన సందర్భాలు ఎన్నో. నూటికి తొంభైతొమ్మిది సంకరాలు ఏ రకమూ కాకుండానే పోతాయి. ఆ పోయినవాటి కోసం కూడా ఎవరో ఒకరు పూటపూటా వంగి కూర్చున్నారు. పొలంలో దినసరి కూలికి పనిచేసే ఆడవాళ్ళే ఎక్కువగా ఆ కేసరాలు తీసే పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు. పరిశోధన అనే మాట వినగానే మీ మనసులో తెల్లకోటు మెదిలితే, పక్కనే వాళ్ళని కూడా కూర్చోబెట్టండి.

ఇప్పుడు నా సబ్జెక్టు. ఈ పన్నెండేళ్ళ ఖర్చు ఎవరు పెడతారు? ఒక కంపెనీ పెట్టిందనుకోండి. మొదటేడు విత్తనం అమ్ముతుంది. రైతు పంట కోసి, నాలుగు బస్తాలు విత్తనానికి ఉంచుకుంటాడు. వచ్చే ఏడు కంపెనీ దగ్గరికి ఎందుకెళ్తాడు? పక్క చేను ఆయన వచ్చి, "బావా, ఓ బస్తా ఇవ్వు, నా ధాన్యం మారుస్తాను" అంటే ఇచ్చేస్తాడు. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కాబట్టి రకం చెడదు. లాభం ఊరందరికీ, ఖర్చు ఒక్కడికి. అలాంటి చోట వ్యాపారి రాడు. రాకపోవడం అతని తప్పు కాదు. అందుకే సమాజం తన పన్ను డబ్బులోంచి పెట్టాలి. స్వర్ణ మీద పేటెంటు లేదు, సాంబా మసూరి మీద రాయల్టీ లేదు. ఒక పేద రైతు నుంచి ఇంకో పేద రైతుకి బస్తాకి బస్తా మార్పిడిగా రాష్ట్రాలు దాటి, దేశం దాటి పోయిన ఆస్తి అది. దాని విలువ ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనపడదు. అయినా ఉంది. ఇవాళ దేశం బియ్యం పంట 13 కోట్ల టన్నులు దాటింది. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. 1966లో ఓడ కోసం ఎదురుచూసిన దేశం!

మరి ఇంత చూశాక మనం పరిశోధన మీద ఎంత ఖర్చు పెడుతున్నాం? అన్ని రంగాలూ కలిపి, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిపి, 2020-21 లెక్క ప్రకారం మన జాతీయ ఆదాయంలో 0.64 శాతం. వంద రూపాయల్లో అరవై నాలుగు పైసలు. దక్షిణ కొరియా నాలుగు రూపాయల పైన పెడుతుంది. నాకీ విషయంలో కోపముంది, దాచుకోను. పరిశోధనా కేంద్రాల్లో పోస్టులు ఖాళీగా ఉంటే, పన్నెండేళ్ళ పని మధ్యలో మూడేళ్ళు మనిషి లేకపోతే, ఆ గింజలు సంచిలోనే పాతబడతాయి. ఆ నష్టం ఈ ఏడు ఎవరికీ తెలియదు. మీ పిల్లల కాలానికి తెలుస్తుంది.

బియ్యం పెరిగాక సమాజం ఏమైంది? 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. పండినది చాలా ఉంటేనే కదా అది చెయ్యగలిగేది? ఎన్నో ఇళ్ళలో రెండో పూట పొయ్యి వెలిగింది. నేను చూశాను. దాని విలువ తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఒప్పుకోను. మొన్న 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషను కార్డులకి సన్నబియ్యం మొదలుపెట్టారు. పేదవాడు కూడా నాలుకకి నచ్చింది తినాలి అన్నది మంచి మాటే. కానీ ఇంకో వైపు, తెలంగాణలో, రాయలసీమలో జొన్న, సజ్జ, రాగి కంచాలు ఖాళీ అయ్యాయి. మూడు పూటలా తెల్లన్నం. పని తగ్గింది, షుగరు పెరిగింది. వరి నీళ్ళు తాగే పంట, బోర్లు పాతాళానికి పోయాయి. వీటిని సైన్సు మీద వేద్దామా? ధర ఏ పంటకి ఇచ్చాం, కరెంటు దేనికి ఇచ్చాం, రేషనులో ఏమిచ్చాం, అవన్నీ మనం చేసిన నిర్ణయాలు.

దీంట్లో చిన్న విశేషం ఒకటి. సాంబా మసూరికి ఎండాకు తెగులు శత్రువు. ఆకు అంచులనుంచి గడ్డిలా ఎండుకుంటూ వస్తుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ వాళ్ళూ, రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ వాళ్ళూ కలిసి ఆ తెగులుని ఆపే మూడు జన్యువుల్ని దాంట్లోకి తెచ్చారు. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. 2008లో మెరుగుపరచిన సాంబా మసూరి విడుదలైంది. తెగులు కోసం చేసిన పని అది. తర్వాత పరీక్షిస్తే ఆ బియ్యం తిన్నాక రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని తేలింది. ఆ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర, అంటే తక్కువ కిందే లెక్క. వెతికింది ఒకటి, దొరికింది రెండు. పరిశోధనలో ఇలా జరుగుతుంటుంది. అందుకే ముందే 'దీనివల్ల లాభమెంత' అని కాగితం మీద రాయించుకుని డబ్బులిస్తామంటే కుదరదు.

సరే, పల్లం చేనుకి మళ్ళీ వద్దాం. వస్తానన్నాను కదా.

స్వర్ణ ఒడిశా వెళ్ళిందన్నాను. బాగానే పండింది. కానీ మహానది, బ్రాహ్మణి, బైతరణి పొంగితే చేలు మునిగిపోయేవి. స్వర్ణ మునిగితే చచ్చిపోతుంది. ఎందుకు చస్తుందో చూడండి. నీళ్ళలో మునిగిన మామూలు వరి పైకి రావాలని ఆత్రపడుతుంది. ఉన్న శక్తంతా ఖర్చుపెట్టి గబగబా పొడుగు సాగుతుంది. నీళ్ళు తీసేసరికి ఒంట్లో ఏమీ మిగలదు, నిలబడలేక కూలిపోతుంది. మా పెదనాన్న గట్టు మీద పీకి చూసిన దుబ్బులు అవే.

ఒడిశాలోనే ఒక పాత నాటు రకం ఉండేది. ముంపు పల్లాల్లో రైతులు తరతరాలుగా కాపాడుకున్నది. దాంట్లోంచి ఎంచినదాని పేరు ఎఫ్ఆర్13ఎ. అది మునిగితే పెరగడం మానేస్తుంది. కదలకుండా, శక్తి ఖర్చుపెట్టకుండా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. రెండు వారాల తర్వాత నీళ్ళు తీస్తే మళ్ళీ చిగురు వేస్తుంది. ఆ ఓర్పు ఇచ్చే జన్యువు ఏదో 2006లో కచ్చితంగా తేల్చారు. దాన్ని స్వర్ణలోకి, స్వర్ణ గుణాలు ఏవీ పోకుండా, జన్యు గుర్తుల సాయంతో, అంటే కావల్సిన జన్యువు ఏ మొక్కలో ఉందో లేతగా ఉన్నప్పుడే చూపించే ఆనవాళ్ళతో, ఎక్కించారు. పన్నెండేళ్ళ పని రెండు మూడేళ్ళలో అయింది. ఆ పనిని వివరించిన 2007 నాటి పరిశోధనా పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజ గారిది, హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త. పని జరిగింది ఫిలిప్పీన్స్‌లో, గింజ మార్టేరుది, జన్యువు ఒడిశా పేద రైతు దాచుకున్నది. 2009లో స్వర్ణ సబ్-1 మన దేశంలో విడుదలైంది.

ఇప్పుడు వినండి, ఇది ముఖ్యం. ఒడిశాలో 128 గ్రామాల్లో ఆర్థికవేత్తలు ఒక పరీక్ష చేశారు. లాటరీ వేసి సగం ఊళ్ళకి ఈ విత్తనం చిన్న సంచుల్లో ఇచ్చారు, సగం ఊళ్ళకి ఇవ్వలేదు. తర్వాత చూశారు. ఏడు నుంచి పద్నాలుగు రోజులు మునిగిన చోట దిగుబడి బాగా నిలబడింది. ముంపు రాని చోట స్వర్ణతో సమానంగానే పండింది, ఏ నష్టమూ లేదు. 2013లో ఆ పత్రం వచ్చింది. అందులో ఒక సంగతి చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను. ఈ విత్తనం వల్ల ఎక్కువ మేలు జరిగింది దళిత కుటుంబాలకి. ఎందుకని? విత్తనానికి కులం తెలుసా? తెలియదు. కానీ పొలానికి తెలుసు. అక్కడ తరతరాలుగా మునిగే పల్లం భూములు వాళ్ళ చేతికే వచ్చాయి. మునిగే భూమికి పనికొచ్చే విత్తనం వస్తే అది ముందు ఆదుకునేది మునిగే భూమి ఉన్నవాణ్ణే.

మెరక మాకు, పల్లం పెదనాన్నకి. నేను అడగని ప్రశ్న నాకు ఒడిశా లెక్కల్లో కనపడింది.

ఇంకో సంగతి. అదే పరిశోధకులు తర్వాత చూస్తే, ఈ విత్తనం అందుకున్న రైతులు మిగతా విషయాల్లోనూ మారారు. ఎక్కువ భూమి సాగుచేశారు. ఎరువు వేశారు. వెదజల్లడం తగ్గించి నాట్లు వేశారు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడానికి ధైర్యం చేశారు. ఎందుకని? మునిగినా పూర్తిగా పోదని నమ్మకం వచ్చింది కాబట్టి. పేదవాడు పెట్టుబడి పెట్టడు, వెనకబడి ఉంటాడు అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. పెట్టడు, నిజమే. పోతుందన్న భయం తియ్యండి, పెడతాడు. సోమరితనం అని మనం పేరు పెట్టింది చాలాసార్లు భయమే.

కాబట్టి సైన్సు చదివే పిల్లలకి నేను అడిగేది ఒకటే. మీరు రేపు ఏ పరిశోధన చేసినా, అది ముందు ఎవరి చేలోకి పోతుందో చూసుకోండి. మెరక చేను కోసం పనిచేసేవాళ్ళకి కొరత ఉండదు, కంపెనీలొస్తాయి, డబ్బులొస్తాయి. పల్లం చేను సమస్యని ఎవరో ఒకరు కావాలని ఎత్తుకుంటేనే అది పరిశోధన అవుతుంది. ఎకనామిక్స్ పిల్లలు సగటు దిగుబడి అంకె చూడగానే ఆగకండి. ఆ సగటులో పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు అని విడదీసి చూడండి.

ఆఖరుగా పెదనాన్న సంగతి చెప్పి ఆపేస్తాను, ప్రశ్నలకి టైము ఉంచాలి కదా. ఆయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు అదే పల్లం చెక్క చేస్తున్నాడు, ఇప్పుడా చెక్క నా పేరు మీద ఉంది. రెండేళ్ళ క్రితం సార్వాలో, అంటే వానాకాలం పంటలో, చేను తొమ్మిది రోజులు మునిగింది. ముంపు తట్టుకునే విత్తనం వేశాడు. సగానికి పైగా దుబ్బులు మళ్ళీ లేచాయి. ఫోన్ చేసి, "అన్నయ్యా, చిగురేసింది" అన్నాడు. ఆ గొంతు విని చాలా సంతోషపడ్డాను. మిగతా సగానికి పంట నష్టం రాయించుకోవడానికి వెళ్తే, భూమి యజమాని పేరు అడిగారు. పరిహారం నా బ్యాంకు ఖాతాలో పడింది. నేను తీసి అతనికిచ్చాను. కానీ అందరూ ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకి సాగు హక్కు కార్డు ఇవ్వడానికి 2019లో చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారం కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. మా ఊళ్ళో నేను పెట్టాను. పక్క చేల వాళ్ళని కూడా అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఇద్దరు పెట్టారు, మిగతావాళ్ళు 'చూద్దాం' అంటున్నారు.

మీలో భూమి ఉన్న ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు. సంక్రాంతికి వెళ్ళొచ్చారు, మళ్ళీ ఉగాదికి వెళ్తారు. వెళ్ళినప్పుడు మీ చేను ఎవరు చేస్తున్నారో, అందులో ఏ రకం వేస్తున్నారో, ఆ కార్డు మీద మీ నాన్నగారు సంతకం పెట్టారో లేదో అడగండి. నాకు ఉత్తరం రాయండి, చదువుతాను.

ఇక మీ ప్రశ్నలు. ముందు ఆ కిటికీ పక్క అబ్బాయి, ఇందాకటినుంచి చెయ్యెత్తే ఉన్నాడు. చెప్పు బాబూ.